వ్యంగ్య వాగ్గేయకారుడు అనవచ్చునా?

సందేహం: అమెరికాకు చెందిన గణితాచార్యుడు, పాటల రచయిత టామ్ లెహ్రర్ (1928–2025) గురించి మా తెలుగు మిత్రుల కూటమిలో చదవడానికి వ్యాసం రాశాను. ఆయనను ‘వ్యంగ వాగ్గేయకారుడు’ అన్నాను. త్యాగరాజస్వామి పట్ల వాడే మాటను నవ్వించే పాటలు కట్టేవాడికి వాడకూడదని ఒక పెద్దాయన ఆక్షేపించారు. నాది తప్పా?
– ఒక పాఠకుడు, మైలాపూర్, చెన్నై

సమాధానం: తప్పు ‘వాగ్గేయకారుడు’లో లేదు, దాని ముందు మాటలో ఉంది. ‘వ్యంగం’ అంటే అవయవలోపం కలది. మీకు కావలసినది ‘వ్యంగ్యం’: పైకి అనకుండా స్ఫురింపజేసే అర్థం. ఆలంకారికులు ధ్వని అని చర్చించినది దీనినే. పత్రికల్లోనూ ఈ య వత్తు తరచూ జారిపోతున్నది. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఇక రెండో మాట. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’లో పాటలోని మాటను మాతువు అని, వరసను ధాతువు అని అన్నాడు. రెండింటినీ తానే కూర్చేవాడు వాగ్గేయకారుడు. ఆ నిర్వచనంలో భక్తి ప్రసక్తి లేదు.

పరుల ధాతువుకు మాతువు కట్టేవాడికి ఆయనే ‘కుట్టికారుడు’ అని వేరే పేరు పెట్టాడు. లెహ్రర్ అప్పటికి తెలిసిన 102 మూలకాల పేర్లను ఆంగ్లేయ స్వరకర్త సలివన్ 1879 నాటి సంగీత నాటకంలోని వరసలో పాడాడు. అక్కడ ఆయన కుట్టికారుడే. అందులో చిన్నతనమేమీ లేదు. మన ముత్తుస్వామి దీక్షితులు చెన్నపట్నంలో ఆంగ్లేయుల బ్యాండు వరసలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టుస్వరాలు చేయలేదా!

అయితే లెహ్రర్ అసలు ప్రతిభ తానే వరస కట్టిన పాటల్లో ఉంది. ఉద్యానంలో పావురాలకు విషం పెట్టే పాట వినండి. వసంతకాలం, ఆదివారం, పక్కన ప్రియురాలు, ఊయలలూగించే వరస. మాట మాత్రం ఒళ్లు జలదరించేది. అణుయుద్ధంలో అందరం కలిసే పోతామనే పాటదీ అదే తీరు. సర్వనాశనానికి పండుగ వరస కట్టాడు. మాతువు ఒక దారి, ధాతువు ఒక దారి. వ్యంగ్యం పుట్టేది ఆ రెండింటి ఎడంలో. చేతిలో కాగితం పెట్టుకుని చదివితే సగమే అందుతుంది. ఎడం ఎంత ఉండాలో కొలిచి రెండు దారులనూ ఆయనే వేశాడు. కనుక ‘హాస్యగాయకుడు’, ‘గీతరచయిత’ అనే మాటలు ఆయనకు చాలవు.

య వత్తు చేర్చి, ‘వ్యంగ్య వాగ్గేయకారుడు’ అనే ఉంచండి. కూటమిలో వ్యాసం చదివే ముందు ఆ పావురాల పాట వినిపించండి.