ఒకే వాగు, మూడు దారులు

ప్రశ్న: పర్లాకిమిడి చుట్టుపక్కల పాత బళ్లున్నవాళ్లం పద్నాలుగు మందిమి. రాజ్‌దూత్‌లు, యెజ్డీలు, రెండు బుల్లెట్లు. మహేంద్రతనయ ఏటి ఒడ్డున ఆరు సెక్షన్లు (హద్దులు గీసిన కష్టమైన దారి ముక్కలు) కట్టి ట్రయల్స్, అంటే కాలు నేలకు దించకుండా బండి నడిపే పోటీ, పెట్టుకున్నాం. కొత్తవాళ్లకు అన్నిట్లో అయిదేసి తప్పు పాయింట్లు పడ్డాయి. ముగ్గురు పాతకాపులకు ఒక్క పాయింటూ పడలేదు. తప్పెక్కడ?

జవాబు: అందరినీ ఒకే దారిలో తోలడమే తప్పు. కాలు ఒకసారి దించితే 1, రెండుసార్లకు 2, ఆపైన ఎన్నిసార్లు దించినా 3, పడినా హద్దు దాటినా 5. అంటే 3 పడ్డవాడు తంటాలు పడైనా దాటాడు, 5 పడ్డవాడు దాటలేదు. ఒక క్లాసు (కొత్తవాళ్లు, మధ్యవాళ్లు, పాతకాపులు అని స్థాయిని బట్టి చేసిన గుంపు) స్కోరు కార్డుల్లో 3ల కంటే 5లు ఎక్కువైతే ఆ దారి వాళ్లకు మించినది. అన్నీ సున్నాలే అయితే వాళ్ల స్థాయికి చాలనిది.

సెక్షన్లు పెంచకండి. లోపలికెళ్లే చోటు, బయటికొచ్చే చోటు అందరికీ ఒకటే ఉంచి, మధ్యలో మూడు రంగుల బాణాలు కట్టండి. ఉదాహరణకు గట్టు మీద బండరాయి ఉందనుకోండి: పాతకాపులు ఆ బండరాయి మీదికెక్కి వెంటనే మలుపు తిరగాలి, మధ్యవాళ్లు బండరాయి పక్కనుంచి గట్టెక్కాలి, కొత్తవాళ్లు కింద గులకరాళ్ల మీదే చుట్టి రావాలి. మూడు దారులనూ ఒక్క అబ్జర్వరే (పాయింట్లు వేసే మనిషి) చూడగలడు.

క్లాసు మనిషిని బట్టి, బండిని బట్టి కాదు. కానీ దారికి హద్దు గీసేది మోటారు బండే. మలుపు గుర్తులు పాతేముందు ఇంజను ఆపి, హ్యాండిల్ పూర్తిగా తిప్పి, బుల్లెట్‌ను అందులోంచి నెట్టండి. వెనక చక్రం ఎత్తి జరపాల్సి వస్తే మలుపు వెడల్పు చేయాలి. ఇంజను అడుగు తగిలే రాయి కొత్తవాళ్ల దారిలో వద్దేవద్దు. నీళ్లు దాటిన వెంటనే దిగుడు కూడా పెట్టకండి, బ్రేకు డ్రమ్ములో నీళ్లు దిగాక బ్రేకు పట్టదు.

ఇంకొకటి. బళ్లు వెళ్లేకొద్దీ ఇసుక గుంట పడుతుంది, చివరివాడికి వేరే సెక్షనే మిగులుతుంది. రెండో రౌండులో వరస తిరగేయండి.

ప్రశ్న: టైర్లలో గాలి ఎంత ఉండాలి?

జవాబు: ట్రయల్స్ టైరుకు ముందు 6, వెనక 5 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టండి. రిమ్ లాక్ (టైరును రిమ్ముకు బిగించి పట్టే బిగింపు) తప్పనిసరి. అది లేకపోతే టైరు రిమ్ము మీద జారి ట్యూబు వాల్వు ఊడిపోతుంది. మామూలు రోడ్డు టైరైతే 10 కంటే తగ్గించకండి, రాయి తగిలితే ట్యూబు నలిగి పంక్చరవుతుంది. ఇంటికి బయల్దేరేముందు గాలి నింపే పంపు వెంట ఉంచుకోండి.