ఇతర దేశాలవారికీ చెడ్డ రోజులు, చెడ్డ అంకెలు ఉంటాయా?

వర్జ్యం, రాహుకాలం చూసుకునేది మనమేనా, అభివృద్ధి చెందిన దేశాలలోనూ ఇలాంటి నమ్మకాలు ఉన్నాయా, ఉంటే అవి ఎక్కడి నుంచి పుట్టాయి అని మీరు అడిగారు. ఉన్నాయి. ఉద్యోగరీత్యా జపాన్‌లోని నగోయా నగరంలో ఆరేళ్లు ఉన్నాను కాబట్టి అక్కడ కళ్లారా చూసినవాటినీ, మా ఊళ్లో చిన్నప్పటి నుంచి చూస్తూ వచ్చినవాటినీ పక్కపక్కన పెట్టి చెబుతాను.

నేను చేరిన మొదటి ఏడాదిలోనే మా విభాగంలోని ఒకాయన ఆసుపత్రిలో ఉంటే చూడటానికి వెళ్లాను. మూడో అంతస్తులో 303 నంబరు గది దాటగానే 305 వచ్చింది. 304 ఎటువైపో అని వరండా రెండు చివరలూ తిరిగి వచ్చాక, నాతో వచ్చిన సహోద్యోగి ఆ గది అసలు లేదని చెప్పాడు. జపాన్ భాషలో నాలుగును 'షి' అంటారు, చావునూ 'షి' అనే అంటారు. తొమ్మిదిని 'కు' అంటారు, బాధకూ అదే ఉచ్చారణ ఉంది. అందుకే లెక్కపెట్టేటప్పుడు చాలామంది 'షి' అనకుండా 'యోన్' అనే మరో మాట వాడతారు.

ఆ మాట వినగానే నాకు మా తాతయ్య గుర్తుకొచ్చారు. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ఆయన మొదటి కుంచాన్ని 'ఒకటి' అనేవారు కాదు, 'లాభం' అనేవారు. ఆరో కుంచం పోశాక కాసేపు ఆగి, 'ఆరున్నొకటి' అని, తర్వాత ఎనిమిదికి వెళ్లేవారు. ఏడు అంటే ఏడుపు గుర్తుకొస్తుందని, ఇంటికి చేరే గింజల మీద ఆ మాట పడకూడదని ఆయన పట్టుదల. ఏడ్చేవాణ్ణి 'ఆరున్నొక్కరాగం అందుకున్నాడు' అని మనం అనడంలోనూ ఇదే లెక్క ఉంది. నగోయా ఆసుపత్రిలో లేని గదికీ, మా కళ్లంలో పలకని అంకెకూ కారణం ఒక్కటే: రెండు మాటలు ఒకేలా వినిపించడం. చైనా, కొరియా భాషలలోనూ నాలుగు, చావు దాదాపు ఒకే ధ్వనితో ఉంటాయి. కొరియాలో చాలా లిఫ్టులలో నాలుగో అంతస్తు మీటపై అంకెకు బదులు 'ఎఫ్' అనే అక్షరం కనిపిస్తుంది. ఇటలీలో భయపడేది పదమూడుకన్నా పదిహేడుకు. రోమన్ అంకెలలో 17ను రాసే అక్షరాలను తారుమారు చేస్తే 'విక్సి' అనే లాటిన్ మాట వస్తుంది. దానికి 'నేను జీవించాను', అంటే నా జీవితం ముగిసింది అని అర్థం.

ఇక రోజుల సంగతి. జపాన్‌లో గోడ క్యాలెండర్లలో చాలావాటిపై తేదీ కింద చిన్న అక్షరాలతో ఆ రోజు పేరు మరొకటి ఉంటుంది. ఇలాంటి పేర్లు ఆరు. 'తాయాన్' పెళ్లిళ్లకు మంచిది. 'బుత్సుమెత్సు' అన్నిటికీ చెడ్డది. ఒక రోజు ఉదయం మంచిదైతే మరో రోజు మధ్యాహ్నం మంచిది. చాంద్రమాన నెల సంఖ్యకు ఆ నెలలో రోజు సంఖ్యను కలిపి ఆరుతో భాగిస్తే వచ్చే శేషమే ఆ రోజు పేరును నిర్ణయిస్తుంది. మన రాహుకాలమూ ఇలాంటిదే. పగటిని ఎనిమిది భాగాలు చేసి, వారాన్నిబట్టి ఒక భాగాన్ని రాహువుకు ఇస్తాం తప్ప, ఆకాశంలో రాహువు ఆ వేళకు ఎక్కడున్నాడన్న గణితం అందులో లేదు. 1873లో జపాన్ ప్రభుత్వం గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారినప్పుడు పాత పంచాంగంలోని శుభాశుభాలను తొలగించింది. అయినా ఈ ఆరు పేర్లు జనంలో నిలిచిపోయాయి.

వాటిలో 'తొమోబికి' అనే రోజు నన్ను బాగా కదిలించింది. ఆ పేరు రాసే లిపిని బట్టి 'స్నేహితుణ్ణి లాగడం' అని అర్థం వస్తుంది కాబట్టి, ఆ రోజు అంత్యక్రియలు చేస్తే పోయినవారు ఆప్తులలో మరొకరిని తోడు తీసుకెళ్తారని భయం. మా సహోద్యోగి తండ్రి పోయినప్పుడు దహనం ఒక రోజు ఆలస్యమైంది. తొమోబికి కావడంతో ఆ రోజు శ్మశానవాటికకే సెలవు. తప్పనిసరై ఆ రోజే జరిపితే, కొన్ని ప్రాంతాలలో పెట్టెలో ఒక బొమ్మను కూడా ఉంచుతారని ఆయనే చెప్పారు. మా నాయనమ్మ శనివారం పోయారు. శనివారం శవం తోడు కోరుతుందని పాడెకు ఒక కోడిపిల్లను కాళ్లు కట్టి వేలాడదీశారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. డప్పుల మోతలోనూ ఆ పిల్ల అరుపు నాకు విడిగా వినిపించింది. వేల మైళ్ల దూరంలో, ఒకరినొకరు ఎరగని రెండు జాతులు మృత్యువుకు ఒక బొమ్మనో, కోడిపిల్లనో అప్పగించి మిగిలినవారిని కాపాడుకోవాలని చూశాయన్నది నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. ఇంకో విశేషం, తొమోబికి అంటే మొదట 'గెలుపోటములు లేకపోవడం' అనే అర్థం ఉండేదట. లిపి మారాక చావు భయం వచ్చి చేరింది.

మంగళవారం గురించి క్లుప్తంగా చెబుతాను. స్పెయిన్‌లో శుక్రవారం పదమూడుకు బదులు మంగళవారం పదమూడుకు భయపడతారు. వారి భాషలో ఆ వారానికి అంగారక గ్రహం పేరే ఉంది, మనకూ అది కుజుడి వారమే. గ్రీకులకు మాత్రం మంగళవారం ఒక చారిత్రక గాయం. 1453 మే 29న వారి సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) తురుష్కుల చేతిలో పతనమైనది ఆ వారమే.

అంకెను తప్పించుకుంటే ఎవరికీ పెద్ద నష్టం ఉండదు. చెడు ముద్ర మనిషి మీద పడినప్పుడే నాకు బాధ కలుగుతుంది. మన ప్రభవాది సంవత్సరాల్లాగే జపాన్‌లోనూ అరవై ఏళ్ల చక్రం ఉంది. అందులో 'హినోఎ-ఉమా', అంటే అగ్ని-అశ్వ సంవత్సరంలో పుట్టిన ఆడపిల్ల మొగుణ్ణి మింగుతుందని నమ్మకం. ప్రేమించినవాణ్ణి మళ్లీ చూడాలని ఇంటికి నిప్పు పెట్టిందన్న నేరంపై 1683లో సజీవ దహనానికి గురైన ఒషిచి అనే కూరగాయల వ్యాపారి కూతురు, 1666లో, అదే సంవత్సరంలో పుట్టిందన్న కథ ఆ నమ్మకానికి బలమిచ్చింది. జపాన్‌లో 1965లో 18.2 లక్షల మంది పిల్లలు పుడితే, 1966లో 13.6 లక్షల మందే పుట్టారు. 1967లో ఆ సంఖ్య మళ్లీ 19.4 లక్షలకు చేరింది. బుల్లెట్ రైలు నడపడం మొదలుపెట్టిన దేశంలో, ఆ తర్వాత రెండేళ్లకే ఇది జరిగింది. 2026 మళ్లీ ఆ సంవత్సరమే.

మా కార్యాలయంలో 1966లో పుట్టిన ఒకావిడ ఉండేవారు. బడిలో తమ తరగతి పై తరగతికన్నా, కింది తరగతికన్నా కూడా చిన్నదని చెప్పారు. 1906లో ఇదే సంవత్సరం వచ్చినప్పుడు ఎంతోమంది తల్లిదండ్రులు కూతుళ్ల పుట్టుకను ముందటేడాదికో తర్వాతి ఏడాదికో మార్చి నమోదు చేయించారని కూడా ఆవిడే చెప్పారు. అప్పుడు ఆమెకు మా పెద్దమ్మ కూతురి సంగతి చెప్పాను. అక్కది మూలా నక్షత్రం. మూలలో పుట్టిన పిల్ల మామగారికి గండమని, ఫోటో చూసి ఇష్టపడిన సంబంధాలు కూడా జాతకం అడిగాక వెనక్కి పోయాయి. నాలుగేళ్లు అలా గడిచాక పెద్దమ్మ అక్క పుట్టిన వేళను కొన్ని గంటలు ఆలస్యంగా చూపి, మూల తర్వాతి నక్షత్రమైన పూర్వాషాఢ వచ్చేలా కొత్త జాతకం రాయించింది. ఆరు నెలల్లో పెళ్లి కుదిరింది. అక్క మామగారికి ఇప్పుడు ఎనభై దాటాయి, రోజూ పొలానికి వెళ్లి వస్తారు. అయినా గుడిలో పూజారి గోత్రం, నక్షత్రం అడిగితే, అక్క ఒక్క క్షణం ఆగి, ఇప్పటికీ పూర్వాషాఢ అనే చెబుతుంది.