అనాకారి బొమ్మలకు అందం ఎక్కువైంది
(పిల్లల సినిమాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు)

ప్రశ్న: మేడమ్ గారూ, మాది గుంటూరు. ఉద్యోగరీత్యా డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా పాపకి ఏడేళ్లు. మా అక్క కూతురు ఆడుకుని వదిలేసిన అగ్లీడాల్ అనే గుడ్డబొమ్మ ఒకటి, ఏప్రాన్ కట్టుకున్న నారింజ రంగుది, దీని చేతికొచ్చింది. ఇప్పుడు అది పక్కన లేకపోతే నిద్రపోదు. ఆ బొమ్మల మీద 2019లో ‘అగ్లీడాల్స్’ అనే యానిమేషన్ సినిమా వచ్చిందని తెలిసి మొన్న సెలవురోజు ఇంట్లో పెట్టాం. సగం కాకముందే పాప టీవీకి వీపు పెట్టి కూర్చుని, చేతిలో ఉన్న ఆ బొమ్మతోనే ఆడుకోవడం మొదలెట్టింది. ‘నువ్వు ఎలా ఉన్నా బాగుంటావు’ అని చెప్పే మంచి సినిమానే కదండీ. మరెందుకు పట్టలేదు? మా పాపకు ఓపిక తక్కువా, లేక సినిమాలోనే ఏదైనా లోపమా?
– ఓ తల్లి, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: లోపం సినిమాదేనమ్మా. పాప ఓపికను అనుమానించకండి. ఆ పిల్ల సినిమాను వదిలేసి బొమ్మ దగ్గరికి వెళ్లిందంటే రెంటిలో ఏది బాగుందో దానికి తెలిసిందన్నమాట.

ముందు ఆ బొమ్మ ఎలా పుట్టిందో చెప్తాను. డేవిడ్ హోర్వాత్, సన్-మిన్ కిమ్ అని ఇద్దరు న్యూయార్క్‌లోని పార్సన్స్ డిజైన్ కాలేజీలో కలుసుకున్నారు. తర్వాత ఆమె కొరియాకి తిరిగి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఇతను అమెరికా నుంచి ఉత్తరాలు రాసేవాడు. ఉత్తరం అడుగున ఏప్రాన్ కట్టుకున్న ఒక చిన్న వింత జీవిని గీసేవాడు. దాని పేరు వేజ్. 2001లో ఆమె ఆ గీతను చూసి, గుడ్డ కత్తిరించి, చేత్తో కుట్టి, దూది కూరి అతనికి పోస్టులో పంపింది. లాస్ ఏంజెలెస్‌లో జెయింట్ రోబోట్ అనే దుకాణం యజమాని ఆ బొమ్మను చూసి, అమ్మడానికి ఇంకొన్ని కావాలన్నాడు. వ్యాపారం అలా మొదలైంది. వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. మీరు చెప్పిన గుర్తులను బట్టి చూస్తే మీ పాప పక్కన పడుకునేది ఆ వేజే!

నేను చాలాకాలం హైదరాబాద్‌లో యానిమేషన్ స్టూడియోలో రిగ్గింగ్ చేశాను. అంటే కంప్యూటర్లో తయారైన బొమ్మకు లోపల ఎముకల గూడు అమర్చి, ఎక్కడ వంగాలో, ఎంత వంగాలో నిర్ణయించే పని. అందుకే ఏ బొమ్మ చేతికొచ్చినా ముందు కీళ్లు ఎక్కడున్నాయో వెతుకుతాను. వేజ్‌ను ఒకసారి తిప్పి చూడండి. కీళ్లే లేవు. దిండులా బల్లపరుపుగా ఉంటుంది. చేతులు రెండూ పొట్టి పీలికలు. నోరు అడ్డంగా వేసిన ఒక కుట్టు. ఆ నోరు నవ్వుతోందో అలిగిందో బొమ్మ చెప్పదు, పాప చెప్తుంది. నిన్న అలిగిన బొమ్మ ఇవాళ జ్వరంతో పడుకుంటుంది. ఆ బొమ్మ గొప్పదనమంతా ఆ చెప్పకపోవడంలోనే ఉంది.

ఇప్పుడు సినిమా సంగతి. ఫ్యాక్టరీలో తేడాగా తయారైన బొమ్మలు ఒక గొట్టంలోంచి జారి అగ్లీవిల్ అనే ఊళ్లో పడుతుంటాయి. వాటిలో మోక్సీ అనే గులాబీరంగు బొమ్మకు తనకూ ఒక పాప దొరకాలని ఆశ. స్నేహితుల్ని వెంటేసుకుని ఆ గొట్టం ఎక్కిపోతే, లోపాల్లేని బొమ్మలకు శిక్షణ ఇచ్చే ఊరొకటి కనిపిస్తుంది. అక్కడి పెద్ద లూ. అందగాడు, పాటగాడు, మనసు మాత్రం మంచిది కాదు. మోక్సీకి కెల్లీ క్లార్క్‌సన్, లూకి నిక్ జోనస్ గొంతు ఇచ్చారు. ఇద్దరూ పేరున్న గాయకులే కాబట్టి పాటలు బోలెడు.

మోక్సీ అనాకారిగా ఉందా చెప్పండి? గుండ్రని మొహం, పెద్ద కళ్లు, ముద్దొచ్చే రంగు. షాపులో అందరికంటే ముందు అమ్ముడయ్యేది అదే. ఎదుటి పక్షమేమో సన్నగా, పొడుగ్గా, ఒకే అచ్చులో పోసినట్టుంటారు. ఏ పిల్లనడిగినా మోక్సీయే కావాలంటుంది. మరి కథలో అందరూ దాన్ని చూసి ఎందుకు మొహం తిప్పుకుంటున్నారు? తెర మీద కారణం కనిపించదు. కాబట్టి మాటల్లో చెప్పాలి, పాటల్లో చెప్పాలి, మళ్లీ చెప్పాలి. 87 నిమిషాల సినిమాలో తేడాగా ఉండటం తప్పుకాదని ఎన్నిసార్లు వింటామో. తేడాగా ఉన్నవాళ్లనే చూపించలేకపోయాక ఆ మాట పిల్లల చెవికెక్కదు. ఉన్న కుట్టు నోరు కూడా మనుషుల నోరులా అన్ని ఆకారాలూ తిరుగుతుంటే పాప ఊహించడానికి ఇంకేం మిగిలింది?

నడక చూసినప్పుడు నాకు ఇంకా బాధేసింది. దూదిబొమ్మ పరుగెత్తితే తల ముందుకు వాలాలి. దూకితే నేల మీద చప్పుడు లేకుండా చతికిలబడాలి, లేవడానికి నడుము ఉండకూడదు. ఒక్క నిమిషం సేపైనా అలా కదిలించి ఉంటే పిల్లలు పగలబడి నవ్వేవారు. ఇందులో బొమ్మలన్నీ మనుషుల్లాగే పరుగెడతాయి, స్టేజీ మీద పాప్ గాయకుల్లాగే చిందేస్తాయి. దీనికి యానిమేషన్ చేసిన రీల్ ఎఫ్ఎక్స్ మీ డల్లాస్ స్టూడియోనే. పనివాళ్ల చేతిలో నైపుణ్యం ఉంది, గుడ్డ మీది నూగు దాకా శ్రద్ధగా చేశారు. వాళ్లకు అందిన కథలోనే సరుకు లేదు.

ఇంత మాత్రాన సినిమాలో ఏమీ లేదనను. మ్యాండీ అనే అందమైన బొమ్మకు చూపు ఆనదు. కళ్లజోడు పెట్టుకుంటే లోపం బయటపడుతుందని దాచుకుంటుంది. క్లాసులో అదే పని చేసే పిల్లలు ఎంతమంది లేరు! లూ సంగతి కూడా అంతే. అతను అచ్చు కోసం చేసిన మొదటి నమూనా, ఎప్పటికీ ఏ ఇంటికీ వెళ్లలేడు. ఎవరి చేతుల్లోకీ వెళ్లలేని బొమ్మ, వెళ్లబోయే బొమ్మలకు పాఠాలు చెప్పడం! ఆ దుఃఖం మీదే సినిమా మొత్తం నడపొచ్చు. వీళ్లు దాన్ని చివర్లో ఒక రహస్యంలా విప్పేసి, విలన్ లెక్కలో వేసి వదిలేశారు.

సుమారు 4.5 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే ప్రపంచమంతా కలిపి వచ్చింది 3.2 కోట్ల పైచిలుకు. ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ విడుదలైన మరుసటి వారమే వచ్చిందనేది నిజమే. కానీ ఎండ్‌గేమ్ లేకుండా మీ ఇంట్లో ఒక్కటే ఆడినా మీ పాప వీపు తిప్పింది కదా.

ఒక పని చేయండి. వేజ్ ఉత్తరం కథ పాపకు చెప్పి, దానికి నచ్చిన వింత జీవిని కాగితం మీద గీయమనండి. దాన్ని గుంటూరులో అమ్మమ్మకో నాయనమ్మకో పంపండి. ఇంట్లో కుట్టుమిషన్ ఉంటే సరే, లేకపోతే సూదీదారం చాలు. పాప గీసింది వంకరగా ఉంటే అలాగే వంకరగా కుట్టమనండి.

ప్రశ్న: బొమ్మల కంపెనీలు తీసే సినిమాలన్నీ గంటన్నర ప్రకటనలే కదా మేడమ్. వాటిలో కథ వెతకడం దండగ అని నా అభిప్రాయం. మీరేమంటారు?
– డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: అమ్ముకోవడానికి తీశారన్నది నిజమే తమ్ముడూ. అయినా దండగ అనను. 1986లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్స్ యానిమేషన్ సినిమా తీసుకో. ఆ రోబో బొమ్మలు అమ్మే హాస్‌బ్రో కంపెనీకి పాత బొమ్మల్ని పక్కనపెట్టి కొత్తవి అమ్మాలి. అందుకని పిల్లలు తండ్రిలా చూసుకునే నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్‌ను సినిమా మొదటి భాగంలోనే చంపేశారు. హాళ్లలో పిల్లలు ఏడ్చారు. కంపెనీకి ఉత్తరాలు వెల్లువెత్తాయి. చివరికి 1987లో టీవీ సీరియల్లో అతన్ని బతికించాల్సి వచ్చింది. ఆ గొడవ చూసి, అదే కంపెనీ తన సైనికుల బొమ్మల మీద తీస్తున్న జీ.ఐ. జో సినిమాలో డ్యూక్ అనే సైనికుడు చనిపోవాల్సి ఉండగా, కోమాలోకి వెళ్లాడని డైలాగు మార్చారు. కంపెనీ లెక్కలో ఆప్టిమస్ ప్రైమ్ పాత సరుకు. పిల్లలకు మాత్రం అతను మనిషి. ప్రకటనే కదా అని కొట్టిపారేస్తే ఆ కన్నీళ్లకు అర్థం చెప్పలేం.

బొమ్మను అర్థం చేసుకున్నవాళ్లు తీస్తే ఎలా ఉంటుందో 2014 నాటి ‘ది లెగో మూవీ’లో చూడొచ్చు. లెగో ఇటుకల గుణం ఏమిటి? పీకి మళ్లీ పేర్చుకోవచ్చు. ఆ సినిమాలో విలన్ కోరిక అన్నిటినీ జిగురుతో శాశ్వతంగా అతికించేయాలని. కాగితం మీద ఉన్నట్టే కట్టాలనే నాన్న, తోచినట్టు కట్టుకుంటాననే కొడుకు. లెగో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉండే తగువే అది. దానికి 46 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి.

ఆ డబ్బు చూసి మిగతా కంపెనీలు పరుగెత్తుకొచ్చాయి. జర్మనీ బొమ్మ ప్లేమొబిల్ మీద 2019లోనే సినిమా వచ్చింది. హాన్స్ బెక్ రూపొందించగా 1974లో మార్కెట్లోకి వచ్చిన ఏడున్నర సెంటీమీటర్ల మనిషి అది. రెండు కళ్లు, ఒక చిరునవ్వు, ముక్కు కూడా లేదు. మిగతాది పిల్లలు నింపుకోవాలని బెక్ ఉద్దేశం. సినిమావాళ్లు ఏం చేశారు? అమ్మానాన్న ప్రమాదంలో పోవడంతో మొదలెట్టి, వైకింగులు, రోమన్ చక్రవర్తి, గూఢచారి, దేవకన్య, రోబో అందరినీ కుమ్మరించారు. కేటలాగు తిరగేసినట్టు ఉంటుంది. అమెరికాలో 2,300కు పైగా హాళ్లలో వేస్తే మొదటి వారాంతం ఆరున్నర లక్షల డాలర్లు వచ్చాయి. ఒక్కో హాలుకు మూడు వందల డాలర్లు కూడా పడలేదు.

ప్రశ్న: మన కొండపల్లి బొమ్మల మీద యానిమేషన్ సినిమా తీస్తే బాగుంటుంది కదా అమ్మా? ఎలాంటి కథ అయితే బాగుంటుంది?
– ఓ గృహిణి, విజయవాడ

జవాబు: బాగుంటుంది, నాకూ ఎంతో కోరిక. ఒక్కటే భయం. మన సంస్కృతి గొప్పదని చెప్పే ఉపన్యాసం మొదటి సీన్లోనే పెడతారేమోనని. దాని బదులు బొమ్మ స్వభావం నుంచి మొదలుపెట్టాలి. తెల్లపొణికి కర్ర చాలా తేలిక, నీళ్లలో తేలుతుంది. చేయి, కాలు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. కాబట్టి ఈ బొమ్మలకు భయమంతా ఆ అతుకు దగ్గరే. తాటిచెట్టు మీదున్న గీతకార్మికుడి చేయి ఊడితే అతను చెట్టు దిగేదెలా?

పైగా సంక్రాంతి బొమ్మల కొలువు ఉన్న ఇళ్లలో ఇవి ఏడాదంతా అటక మీద, పాత దినపత్రికల్లో చుట్టుకుని పడుకుంటాయి. పండగకి కొద్దిరోజులు మాత్రం మెట్ల మీద నిలబడతాయి. ఆ కొద్దిరోజుల కోసం అవి ఎదురుచూస్తాయా? దశావతారాలు పై మెట్టు మీదా, ఎడ్లబండివాడు కింది మెట్టు మీదా ఎందుకని ఇంట్లో చిన్నపిల్ల అడిగి, అర్ధరాత్రి లేచి వరస మార్చేస్తే? నాకైతే అక్కడే కథ కనిపిస్తోంది. రిగ్గింగ్ కూడా నేనే చేస్తాను, మోచేతులు మాత్రం వంచను.

ప్రశ్న: మనవడిని హాలుకు తీసుకెళ్లే ముందు ఇలాంటి సినిమా బాగుంటుందో లేదో ఎలా తెలుసుకోవాలి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్

జవాబు: ట్రైలర్‌ను శబ్దం లేకుండా ఒకసారి చూడండి మాస్టారూ. ఆ బొమ్మ మాత్రమే చేయగలిగిన పని ఏదైనా అందులో కనబడిందా, మాట వినకుండానే మనవడు ఎక్కడైనా నవ్వాడా గమనించండి. నవ్వితే టికెట్లు కొనండి. పోస్టరు మీద బొమ్మల పేర్లకంటే గాయకుల పేర్లు పెద్దగా ఉంటే మాత్రం, ఓటీటీలోకి వచ్చేదాకా ఆగొచ్చు.