రాత్రి తొమ్మిదింటికి మెసేజ్: రేపు బడి లేదు

ప్రశ్న: మేడమ్, మాది హిందూపురం దగ్గర పల్లె. తొమ్మిదేళ్లుగా బెంగళూరు పీణ్యలో ఒక వఠారంలో ఉంటున్నాం. నేను గార్మెంట్స్‌లో టైలర్‌ని. మా ఆయన క్యాబ్ నడుపుతారు. రాత్రంతా ఎయిర్‌పోర్టు ట్రిప్పులే, పొద్దున ఏడింటికి వచ్చి పడుకుంటారు. పాప గవర్నమెంటు స్కూల్లో మూడో తరగతి. వాన పడితే సెలవు, బంద్ అంటే సెలవు. 2025 దసరా సెలవులు అక్టోబర్ 7తో అయిపోతాయన్నారు, సరిగ్గా ఆ రోజే, టీచర్లు ఇల్లిల్లూ తిరిగి చేస్తున్న కులాల సర్వే కోసం 18 దాకా పొడిగించామన్నారు. ఆ వెంటే దీపావళి. పాపకి జ్వరమని సూపర్‌వైజర్‌తో మూడుసార్లు అబద్ధం చెప్పాను. నాలుగోసారి నోరు రాలేదు. ఆయన మైసూరు ట్రిప్పులో ఉన్నారు. పాపని లోపల పెట్టి బయట తాళం వేసి వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. ఇచ్చిన బిస్కెట్ ప్యాకెట్ విప్పలేదు, నీళ్లు కూడా తాగలేదు. మాకు బాత్‌రూమ్ బయట, నాలుగిళ్లకీ ఒకటే. ఆయన్ని చూసుకోమంటే ‘నిద్ర లేకుండా స్టీరింగ్ పట్టుకోమంటావా’ అని గొడవ. మా అత్త పిల్లని ఊరికి పంపేయమంటోంది, అక్కడే చేర్పిస్తారట. పంపేయనా?

జవాబు: అమ్మా, ముందు ఆ తాళం సంగతి. బాత్‌రూమ్ బయట, తాళం బయట. ఎనిమిదేళ్ల పిల్ల ఆ ప్యాకెట్ ఎందుకు విప్పలేదో, నీళ్లు ఎందుకు ముట్టలేదో మీ ఉత్తరంలోనే ఉంది. తింటే, తాగితే బయటికి వెళ్లాల్సి వస్తుందని ఆ చిన్న బుర్ర లెక్క వేసుకుంది. మిమ్మల్ని ఏడిపించడానికి చెప్పడం లేదు. మీరు ఎంత ఇరుకులో పడి ఆ పని చేశారో తెలుస్తూనే ఉంది. కానీ గ్యాస్ లీకైనా, కరెంటు తీగ అంటుకున్నా లోపలి పిల్ల బయటికి రాలేదు. కాబట్టి ఇంకెప్పుడూ బయట తాళం వద్దు. ఈ ఒక్క దాంట్లో నేను బేరానికి రాను. మీ ఇద్దరి ఫోన్ నంబర్లూ, 112 కూడా పాపకి కంఠతా వచ్చేలా చేయండి.

ఇక బడి మీద మీ కోపం. అది న్యాయమైనదే. వానకి డిప్యూటీ కమిషనర్, అంటే జిల్లా కలెక్టర్, సెలవు ప్రకటిస్తే అది పిల్లల మంచికే, కాదనలేం. కానీ ఆ మెసేజ్ వచ్చేసరికి మీకు మిగిలేది ఒక్క రాత్రి. సర్వే సంగతి వేరు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ టీచర్లని జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుకి సంబంధం లేని వేరే పనులకి పంపొద్దంటుంది. అదే చట్టం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు ఉండాలంటుంది. అందుకే పోయిన రోజుల్ని శనివారాల్లో పూడుస్తారు. మామూలుగా పొద్దున ఒక పూటే ఉండే శనివారం అప్పుడు రోజంతా అవుతుంది. అంటే సెలవు ఎప్పుడొస్తుందో తెలియదు, దాని బాకీ ఎప్పుడు తీరుస్తారో అదీ తెలియదు. పైగా బడి లేదంటే మధ్యాహ్నం అన్నం లేదు, గుడ్డూ లేదు.

అయితే ఆ కోపం పాప టీచరమ్మ మీద చూపించకండి. మీకు తెలిసిన రోజే ఆవిడకీ తెలిసి ఉంటుంది. ఫోన్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి తలుపులు తట్టింది ఆ టీచర్లే. అడగాల్సింది ఎస్‌డీఎంసీని, అంటే స్కూలు అభివృద్ధి, పర్యవేక్షణ చూసే కమిటీని. ఆ కమిటీలో నూటికి డెబ్బై అయిదు మంది తల్లిదండ్రులే ఉండాలని చట్టం. మీ స్కూల్లో ఎవరున్నారో కనుక్కుని, ఏ శనివారాలు నిండా బడి ఉంటుందో నెల ముందే చెప్పమనండి. అది వాళ్ల చేతిలో ఉన్న పని. 2027 ఫిబ్రవరిలో జనగణన ఉంది, దానికీ ఎక్కువగా టీచర్లనే పిలుస్తారు. అప్పుడు తరగతులు ఎలా నడుపుతారని ఇప్పుడే అడగండి.

ఫ్యాక్టరీలో జ్వరం మాట మానేయండి. నిజంగా జ్వరం వచ్చిన రోజు ఎవరూ నమ్మరు. పనివాళ్ల పిల్లల్ని చూసుకునే ఫ్యాక్టరీ క్రెష్‌లు ఆరేళ్ల లోపు పిల్లలకే, మీ పాపకి ఆ దారి లేదు. మీ లైన్‌లో ఇదే బాధ పడే తల్లులు నలుగురైదుగురు ఉండకుండా ఉండరు. ఒక్కరే సూపర్‌వైజర్ ముందు నిలబడే కంటే, అందరూ కలిసి వెల్ఫేర్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లి ‘బడి మూతపడిన రోజు ముందు చెప్పకపోయినా సెలవు ఇవ్వండి’ అని అడగండి. ఒప్పుకోకపోవచ్చు. అయినా అడగండి.

మీ ఆయన మాటలో నిజం ఉంది. రాత్రంతా నడిపి పగలు నిద్రపోని డ్రైవర్ చేతిలో బండి పెట్టకూడదు. కానీ ఆయన నిద్ర ఏ ఒంటిగంటకో అయిపోతుంది కదా! అసలు చిక్కు పొద్దున ఆరు గంటలే. మధ్యాహ్నం నుంచి పాప ఆయన బాధ్యత, అన్నం పెట్టడంతో సహా. అది సాయం చేయడం కాదు, తండ్రి పనే. ఈ మాట పొద్దున ఏడింటికి, ఆయన అప్పుడే వచ్చి బూట్లు విప్పుతున్నప్పుడు, మీరు క్యారేజీ సర్దుతున్నప్పుడు ఎత్తకండి. నా దగ్గరికి వచ్చే సగం గొడవలు ఆ వేళవే. ఆదివారం మధ్యాహ్నం తిన్నాక కూర్చోండి. బయట ఊరి ట్రిప్పు ఒప్పుకునే ముందు మీకు చెప్పాలన్నదీ అప్పుడే తేల్చుకోండి.

ఊరికి పంపడం గురించి. మీ అత్తగారు ప్రేమతోనే అన్నారు, అందులో అనుమానం లేదు. కానీ రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ సంక్రాంతికి వారం పైనే సెలవులు, మీకు ఇక్కడ ఒక్కరోజు. 2025 వేసవిలో ఇక్కడ బడులు మే 29న తెరిచారు, ఆంధ్రలో జూన్ 12న. పాపకి ఖాళీ ఉన్నప్పుడు మీకు ఉండదు, మీకు దొరికిన ఆదివారం హిందూపురం వెళ్లి రావడానికే సరిపోతుంది. మూడేళ్లు కన్నడ అక్షరాలు దిద్దిన పిల్ల మళ్లీ తెలుగు అక్షరాలతో మొదలుపెట్టాలి. రెండు లిపులూ అక్కచెల్లెళ్లలా ఉన్నా ఒకటి కావు. ఇప్పుడు పంపితే, కిటికీ దగ్గర నిలబడినందుకే తనని పంపేశారని కూడా ఆ పిల్ల అనుకోవచ్చు. నా మట్టుకు నేను పంపొద్దనే అంటాను. వేసవిలో నెల రోజులు నాయనమ్మ దగ్గర ఉండి రావడం వేరు. దానికి వచ్చి తీసుకెళ్లమని ఆవిడనే పిలవండి, సంతోషిస్తారు. దసరా లాంటి పెద్ద సెలవులకి ఆవిడే వచ్చి ఉంటారేమో కూడా అడగండి.

మిగిలింది పొద్దుటి పూట. బాత్‌రూమ్ ఒకటే అయిన నాలుగిళ్ల వఠారంలో పగలు ఇంట్లో ఉండే ఆవిడ ఒకరైనా ఉంటారు. ఉత్త మొహమాటం మీద వదలకండి, రోజుకి ఇంతని మాట్లాడుకోండి. డబ్బులిస్తే మీరూ ధైర్యంగా అడగగలరు, ఆవిడా విసుక్కోరు. ఎవరిని అడగాలో మీరే తేల్చేయకండి, ముందు పాపని అడగండి. ఎవరింట్లో నీళ్లడగడానికి సిగ్గేయదో దానికి తెలుసు.