గోడకు బూజు పడితే అద్దె ఆపేయవచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లో అద్దెకుంటున్నాం. పై పోర్షన్ బాత్‌రూమ్ నుంచి నీళ్లు దిగి మా బెడ్‌రూమ్ గోడ నల్లగా బూజు పట్టింది. ఆరేళ్ల బాబుకు ఆయాసం ఎక్కువైంది. రెండు పోర్షన్లూ ఒకే ఓనర్‌వి. ఆయనేమో 'కిటికీలు తీసి పెట్టుకోండి, బట్టలు లోపల ఆరేయకండి' అంటున్నారు. నల్ల బూజు విషమని నెట్‌లో చదివాం. అద్దె ఆపేసి, నష్టపరిహారం కేసు వేయవచ్చా? - ఒక పాఠకురాలు

జవాబు: అద్దె మాత్రం ఆపకండి. ఆపారంటే గొడవ బూజును వదిలేసి బకాయి మీదికి పోతుంది, మిమ్మల్ని ఖాళీ చేయించడానికి ఓనర్‌కు సాకు దొరుకుతుంది.

ఓనర్ బాధ్యతగా ఉన్న రిపేరును నోటీసిచ్చాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, మీరే చేయించి, ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చని ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 108(ఎఫ్) చెబుతోంది. అయితే ప్రతి రిపేరూ ఓనర్‌దేనని ఆ సెక్షన్ అనదు. మీ అగ్రిమెంట్‌లో 'పెద్ద రిపేర్లు ఓనర్‌వి' అన్న లైన్ ఉందేమో చూడండి. అది ఉన్నా, పైవాళ్ల బాత్‌రూమ్ టైల్స్ మీరు పగలగొట్టించలేరు కదా! అందుకే ఇక్కడ మీకు పనికొచ్చేది మినహాయింపు కాదు, పకడ్బందీ నోటీసు.

ఓనర్ మాట పూర్తిగా కొట్టిపారేయలేం. గాలి ఆడని గదిలో తడిబట్టలు ఆరేసినా బూజు వస్తుంది. కాబట్టి నీళ్లు పైనుంచే వస్తున్నాయని చూపాలి: స్లాబు, గోడ కలిసే చోట పసుపు అంచుతో మరక, ఉబ్బిన పెయింట్, వానలు లేని రోజుల్లోనూ తడి. తేదీలతో ఫొటోలు తీయండి, ప్లంబర్‌తో రెండు వాక్యాలు రాయించి సంతకం పెట్టించండి.

ఇక ఆరోగ్యం సంగతి. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉబ్బసం ముదురుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. నల్ల బూజుతో మతిమరుపు వస్తుందన్న ప్రచారానికి మాత్రం రుజువు లేదు. నోటీసులో 'విషం' అని రాస్తే అవతలి లాయర్ ముందు దాన్నే పట్టుకుంటారు. 'చెమ్మ గదిలో ఆయాసం పెరిగింది' అని పిల్లల డాక్టర్ రాసిచ్చే చీటీ జతచేయండి, చాలు. బూజు ఏ రకమో ల్యాబ్‌లో తేల్చుకోనక్కర్లేదు. రకం ఏదైనా లీకేజీ ఆపాలి, గోడ శుభ్రం చేయాలి. ఈలోగా బాబును వేరే గదిలో పడుకోబెట్టండి.

నష్టపరిహారం కేసు నేను సలహా ఇవ్వను. ఆయాసానికి దుమ్ము, పొగ, జలుబు, ఇలా కారణాలు బోలెడు. ఈ గోడే కారణమని నిరూపించడం కష్టం. మందుల బిల్లులు మాత్రం దాచండి, రాజీ మాటల్లో అక్కరకొస్తాయి.

నోటీసును చేరినట్టు రసీదు వచ్చేలా పోస్టులో పంపండి, వాట్సాప్‌లోనూ పెట్టండి. పదిహేను రోజులు గడువివ్వండి. అప్పటికీ కదలకపోతే, అగ్రిమెంట్‌లోని గడువు ప్రకారం నోటీసిచ్చి ఖాళీ చేయడమే మేలు. గడువు గురించి ఏమీ రాసుకోని నెలవారీ అద్దె అయితే ఆస్తి బదిలీ చట్టంలోనే 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు చాలు. తాళాలిచ్చే రోజు గోడల వీడియో తీసుకోండి. పైనుంచి కారిన మరకకు 'పెయింటింగ్ ఖర్చు' అంటూ అడ్వాన్స్‌లో కోత పెడితే ఒప్పుకోనక్కర్లేదు.