తెర ముందు కూర్చోవలసింది ఎవరు?

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కుటుంబాల ప్రశ్నలకు ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ జవాబులు (2020 డిసెంబర్)

2020 మార్చిలో మూతపడిన బడుల్లో ప్రత్యేక పాఠశాలలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలు కూడా ఉన్నాయి. ఈ తొమ్మిది నెలల్లో ఆన్‌లైన్ చదువుల గురించి పత్రికల్లో చాలానే వచ్చింది కాని, ఆటిజం, మేధో వైకల్యం, వినికిడి లోపం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల ఇళ్లలో ఏం జరుగుతోందో తెలిపే రాతలు మాత్రం తక్కువే. అటువంటి ఇళ్ల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు, ఆటిజం ఉంది. లాక్‌డౌన్‌కు ముందు టౌన్‌లోని ప్రత్యేక పాఠశాలకు వెళ్లేవాడు. ఇప్పుడు రోజూ పదకొండు గంటలకు వాట్సాప్‌లో వీడియో క్లాసు పెడుతున్నారు. వాడు ఫోన్‌లో తన ముఖమే చూసుకుంటాడు, రెండు నిమిషాలకే లేచి పరుగెత్తుతాడు, పట్టుకుని కూర్చోబెడితే తన చెయ్యి తానే కొరుక్కుంటాడు. ఇదికాక రోజుకు ఐదు పనులు చేయించి వీడియోలు పంపమంటున్నారు. వంట, అత్తగారి మందులు, ఈ వీడియోలతో నాకు పొద్దు చాలడం లేదు. నువ్వు సరిగ్గా చేయించడం లేదని మావారు అంటున్నారు. తప్పు నాదేనా?
– ఒక తల్లి, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, మీ తప్పు లేదు. బడిలో టీచర్ చాప మీద మీ బాబుకు ఎదురుగా కూర్చుని, అవసరమైనప్పుడు చేతిమీద చెయ్యి వేసి పూస గుచ్చిస్తుంది, వాడు ఎటు చూస్తే అటు తానూ జరుగుతుంది. ఎదుటి మనిషి చూపించిన వైపు చూడడమే కష్టమైన పిల్లవాడికి, అరచెయ్యంత తెరలో, మాట ఆలస్యంగా వినిపించే మనిషిని, పైగా మూలన తన బొమ్మ కదులుతూ ఉండగా, అరగంటసేపు చూడమనడం ఈత రానివాడిని ఏట్లోకి దిగమనడం వంటిదే. అందువల్ల నా సలహా మీకు కొంత వింతగా తోచవచ్చు. ఆ పదకొండు గంటల కాల్‌లో ఫోన్ ముందు మీరు కూర్చోండి, బాబును పక్కగదిలో ఆడుకోనివ్వండి. నిన్న ఇంట్లో ఏం జరిగిందో టీచర్ మిమ్మల్ని అడగాలి, ఈరోజు చేయించవలసిన ఒక్క పనిని ఎలా చేయించాలో మీకు చెప్పాలి. పిల్లవాడికి నేర్పే చేతులు ప్రస్తుతం మీవే కాబట్టి టీచర్ పాఠం మీకే అందాలి.

మీ బాబుకు బడిలో రాసిన వ్యక్తిగత విద్యా ప్రణాళిక, అంటే టీచర్లు ఐఈపీ అనే కాగితం, తప్పకుండా ఉంటుంది. దాని ప్రతిని ఫోటో తీసి పంపమని అడగండి. అందులో పది లక్ష్యాలు ఉన్నా సరే, ఇంటికి సరిపడే రెండింటినే ఎంచుకోండి. ఉదాహరణకు, మధ్యాహ్న భోజనానికి కంచాలు పెట్టడం ఒక లక్ష్యం అనుకుందాం. అల్మరాలోంచి నాలుగు కంచాలు తీయాలి, చాప అంచున ఒక్కొక్కటే పరచాలి, ఒక్కో కంచం పక్కన ఒక్కో గ్లాసు పెట్టాలి. మొదటి రోజు పనంతా మీరే చేసి, చివరి గ్లాసు మాత్రం వాడి చేతికివ్వండి. వాడు దానిని నాలుగో కంచం పక్కన పెట్టగానే, అక్కడికక్కడే, వాడికి ఇష్టమైన గుప్పెడు మరమరాలు చేతిలో పోయండి. మూడు రోజులు అది తడబాటు లేకుండా జరిగితే చివరి రెండు గ్లాసులూ వాడికి వదలండి. ఇలా చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పితే, పని పూర్తయిన సంతోషం ప్రతిసారీ పిల్లవాడికే దక్కుతుంది. నాలుగు అంకె, ఒకదానికి ఒకటి జోడించడం, తన వంతు వచ్చేదాకా ఆగడం అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఇదేం చదువని ఎవరైనా అంటే, 1984లో మొదలై ఇప్పటికీ సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో పనిచేస్తున్న, మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఏర్పడిన జాతీయ సంస్థ తయారుచేసిన నైపుణ్యాల చెక్‌లిస్టులో చదువు లెక్కలతో సమానంగా సొంత పనులు, నలుగురితో మెలగడం, ఇంటిపని, వినోదం కూడా ఉన్నాయని చెప్పండి.

మాటకంటే బొమ్మ వాడికి త్వరగా అందుతుంది. కంచం బొమ్మ, దాని పక్కన ఉయ్యాల బొమ్మ ఒక అట్టముక్క మీద గీసి, ‘ముందు కంచాలు, తర్వాత ఉయ్యాల’ అని వేలితో చూపించండి. బొమ్మలు బాగా రావాలన్న నియమమేమీ లేదు.

చెయ్యి కొరుక్కోవడం గురించి ఒక మాట. మీ ఉత్తరం ప్రకారం, పట్టుకుని కూర్చోబెట్టినప్పుడే అది జరుగుతోంది. అంటే ఇక నావల్ల కాదని వాడు తనకు వచ్చిన భాషలో చెబుతున్నాడు. పట్టుకోవడం మానండి, చెయ్యి అడ్డంగా ఊపి ‘చాలు’ అనే సైగ నేర్పండి, ఆ సైగ చేసిన ప్రతిసారీ నిజంగానే ఆపండి. ఆ తరువాత కూడా కొరకడం తగ్గకపోయినా, కూర్చోబెట్టని వేళల్లోనూ మొదలైనా, పంటినొప్పి, చెవినొప్పి వంటివి నోటితో చెప్పలేని పిల్లవాడని గుర్తుపెట్టుకుని డాక్టరుకు చూపించండి.

ఐదు వీడియోల సంగతికి వస్తే, అవి పిల్లల కోసమా, బడి రికార్డుల కోసమా అన్నది నాకు పాత సందేహమే. ‘మేడమ్, ఈ వారం ఒక్క పనే చేయిస్తాను, శనివారం ఒక్క వీడియో పంపుతాను’ అని మర్యాదగా, స్పష్టంగా రాయండి. స్నానం, బట్టలు మార్చడం వంటి వాటి వీడియోలు ఎవరు అడిగినా గ్రూపుల్లో పెట్టకండి. రాత్రి కంచాలు పెట్టించే పని మీవారికి అప్పగించండి. వారం రోజులు చేయించి చూశాక ఆయన అభిప్రాయం ఆయనే చెబుతారు.

ప్రశ్న: నేను తాపీపని చేస్తాను. మా పాపకు పుట్టుకతోనే వినబడదు. ఏడో తరగతి, బధిరుల హాస్టల్ బడిలో చదివేది, ఇప్పుడు ఇంట్లోనే ఉంది. టీవీలో పాఠం పెడితే ఆ మనిషి నోరు కదలడం తప్ప ఏమీ తెలియడం లేదని విసుక్కుంటోంది. మాకెవరికీ సైగల భాష రాదు. రోజంతా ఫోన్‌లో స్నేహితులతో చేతులు ఊపుతూ కూర్చుంటోంది. ఫోన్ లాక్కోమంటారా?
– ఒక తండ్రి, ప్రకాశం జిల్లా

జవాబు: అయ్యా, లాక్కోవద్దు. తెర వల్ల పెద్దగా ఉపయోగం లేదని పై ఉత్తరానికి రాసిన నేనే, మీ పాప విషయంలో తెరే ఊపిరి అంటున్నాను. హాస్టల్‌లో ఆమె చుట్టూ పొద్దున లేచింది మొదలు తన భాష మాట్లాడే పిల్లలు ఉండేవారు, ఇంటికి వచ్చాక ఆ భాష తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. వేళ పెట్టండి, అర్ధరాత్రి వరకు వద్దనండి, అంతే. ఇంకొకటి, ఫోన్‌ను చేత్తో పట్టుకుంటే సైగ చేయడానికి ఒక్క చెయ్యే మిగులుతుంది. కిటికీకి ఎదురుగా, ముఖం మీద వెలుగు పడేటట్టు కూర్చోబెట్టి, ఫోన్‌ను నీళ్లచెంబుకు ఆనించి నిలబెట్టండి.

ఇక మీ ఇంట్లో భాష మొదలు కావాలి. భోజనాల తరువాత రోజుకు మూడు సైగలు పాప నేర్పాలి, మీరు, ఆమె తల్లి, మిగతా పిల్లలు నేర్చుకోవాలి. అన్నం, నీళ్లు, నొప్పి, రేపు, ఎందుకు, కోపం వంటి మాటలతో మొదలుపెట్టండి. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో 3,000 మాటలతో, 2019లో 6,000 మాటలతో వీడియో నిఘంటువులు విడుదల చేసింది, వాటిని ఫోన్‌లో చూడవచ్చు. అందులోని సైగకు, పాప బడిలో వాడే సైగకు తేడా కనిపిస్తే పాప చెప్పిందే ఖాయం చేయండి, ఆ ఇంట్లో ఆ భాషకు పెద్దదిక్కు ఆమే. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలను సంజ్ఞా భాషలోకి తెచ్చేందుకు 2020 అక్టోబర్ 6న ఒప్పందం జరిగింది కాని, ఆ ఫలం చేతికి రావడానికి సమయం పడుతుంది. అప్పటిదాకా టీవీ పాఠానికి ముందే పుస్తకంలో ఆ పేజీ తీసి, ముఖ్యమైన ఐదు మాటలు నోటుబుక్కులో రాసి పెట్టమని ఇంట్లో చదువుకున్నవారెవరికైనా చెప్పండి. పాఠం నడుస్తుండగా ఏ మాట వస్తే దానిమీద వేలు పెడితే, పాపకు కనీసం దారి తెలుస్తుంది.

ప్రశ్న: నేను ఒక మండలంలో భవిత కేంద్రం రిసోర్సు టీచర్‌ను. నా జాబితాలోని పిల్లల్లో సగం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ లేదు, ఉన్నచోట అది తండ్రితో పాటు పనికి వెళ్లిపోతుంది. వర్క్‌షీట్లు పంపితే అలాగే పడి ఉంటున్నాయి. ఇద్దరు పిల్లలకు సెరిబ్రల్ పాల్సీ, ఫిజియోథెరపీ ఆగిపోయింది. నేను చేయగలిగింది ఏమిటి?
– ఒక ఉపాధ్యాయిని, ఖమ్మం జిల్లా

జవాబు: బడికి రాలేని పిల్లవాడి దగ్గరికి చదువే వెళ్లాలన్నది కొవిడ్‌తో పుట్టిన ఆలోచన కాదు. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలు ఇంటివద్దే విద్య పొందే వెసులుబాటును విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణే ఇచ్చింది. ఆ పిల్లల ఇళ్లకు మీరు ఇదివరకు వెళ్లిన అనుభవమే ఇప్పుడు అందరికీ పనికివస్తుంది.

బటన్ ఫోన్‌తో పని మొదలుపెట్టండి. ప్రతి కుటుంబానికి వారంలో ఒక రోజు, ఒక వేళ కేటాయించండి, అది వారు కూలిపని నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్న తరువాతి వేళ కావాలి. ఫోన్ ఎత్తగానే ‘వర్క్‌షీట్ చేయించారా’ అని అడిగితే, మరుసటి వారం ఆ ఫోన్ ఎత్తరు. ‘ఈ వారం ఎలా గడిచిందమ్మా, బియ్యం అందాయా, పిల్లవాడు నిద్రపోతున్నాడా’ అని అడగండి, తరువాత మొన్న చెప్పిన పని దగ్గరికి రండి. ఒక తల్లితో పది నిమిషాలు మాట్లాడితే, తొమ్మిది నిమిషాలు ఆమే మాట్లాడినా ఆ కాల్ వృథా కాదు. ఆమె చెప్పింది నాలుగు వాక్యాల్లో రాసిపెట్టుకోండి, పైవారం మాట అక్కడి నుంచే మొదలవుతుంది. వర్క్‌షీట్ల బదులు ఇంట్లో ఉన్న వస్తువుల మీదే పని చెప్పండి. చెప్పుల జతలు కలపడం, చింతగింజలు పదేసి కుప్పలు పోయడం, ఆరిన బట్టల్లోంచి తనవి ఏరుకోవడం వంటివాటికి నెట్ అక్కర్లేదు.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల విషయంలో మాత్రం జాగ్రత్త. కాళ్లు, చేతులు సాగదీసే వ్యాయామాలను వీడియో చూసి కొత్తగా మొదలుపెట్టించకండి, ఫిజియోథెరపిస్టు ఇదివరకే తల్లి చేతికి నేర్పినవాటినే కొనసాగించమనండి. తల్లికి వెంటనే సాయపడేది కూర్చోబెట్టే పద్ధతి. గోడమూలలో, రెండు వైపులా చుట్టిన దుప్పట్లు పెట్టి, పాదాల కింద పీట వేసి, నడుము నిటారుగా ఉండేలా కూర్చోబెడితే చేతులకు పని దొరుకుతుంది. అన్నం తినిపించేటప్పుడు తల వెనక్కి వాలితే పొలమారుతుంది కాబట్టి, గడ్డం కొంచెం కిందికి ఉండాలని ఫోన్‌లోనే చెప్పండి. మాస్కు పెట్టుకుని, గుమ్మం బయటే నిలబడి అయినా, నెలకు ఒకసారి ఆ రెండు ఇళ్లకు వెళ్లి చూడగలిగితే మంచిది.

ప్రశ్న: మా అబ్బాయికి ఫిట్స్ ఉన్నాయి. ఆన్‌లైన్ క్లాసుల్లో తెర చూస్తే ఎక్కువవుతాయా? డాక్టరు దూరంగా ఉన్నారు.
– అనంతపురం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మెరిసే వెలుతురు వల్ల ఫిట్స్ వచ్చేది మూర్ఛ ఉన్నవారిలో కొద్దిమందికే. నిద్ర తగ్గడం, మాత్ర తప్పడం చాలామందికి అంతకంటే పెద్ద కారణాలు. మీ అబ్బాయి ఏ రకమో డాక్టరే చెప్పాలి. ఫోన్‌లో, వీడియోలో వైద్య సలహా ఇచ్చే పద్ధతికి కేంద్రం 2020 మార్చి 25నే మార్గదర్శకాలు ఇచ్చింది కాబట్టి, పాత చీటీ దగ్గర పెట్టుకుని మీ డాక్టరుకే ఫోన్ చేయండి. మాత్రలు ఇంకో వారానికి ఉన్నాయనగానే తెప్పించుకోండి. ఫిట్ ఐదు నిమిషాలు దాటితే మాత్రం ఎవరి ఫోన్ కోసమూ ఆగకుండా 108కి చేయండి.

ప్రశ్న: నేను పదో తరగతి. మా తమ్ముడికి పదకొండేళ్లు, డౌన్ సిండ్రోమ్. ఇంట్లో ఒక్కటే ఫోన్. వాడి క్లాసు, నా క్లాసు ఒకే వేళకు వస్తాయి. అమ్మ కుట్టుపనికి వెళ్తుంది, వాడి క్లాసు నేనే చెప్పించాలి. వాడంటే నాకు ఇష్టమే. కాని పబ్లిక్ పరీక్షలని తలుచుకుంటే రాత్రి ఏడుపు వస్తోంది. ఇలా అనుకోవడం స్వార్థమా?
– ఒక విద్యార్థిని, కరీంనగర్ జిల్లా

జవాబు: కాదమ్మా. తమ్ముడిని ప్రేమించడం వేరు, తమ్ముడికి రెండో తల్లి కావడం వేరు. రెండోది నీ వయసుకు మించిన బరువు.

లెక్క చూద్దాం. ఆన్‌లైన్ చదువులపై కేంద్రం 2020 జులైలో ఇచ్చిన ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాల ప్రకారం తొమ్మిది నుంచి పన్నెండు తరగతులకు ప్రత్యక్ష ఆన్‌లైన్ క్లాసులు రోజుకు నాలుగుకు మించకూడదు, ఒక్కొక్కటి 30 నుంచి 45 నిమిషాలు. 2020 సెప్టెంబర్ 1 నుంచి యాదగిరి, టీశాట్ టీవీ ఛానళ్లలో పాఠాలు వస్తున్నాయి కాబట్టి నీ పాఠాల్లో కొన్నింటికి టీవీ చాలు, ఫోన్ అక్కర్లేదు. మిగిలిన నీ క్లాసుల వేళలు ఒక కాగితం మీద రాసి అమ్మకు ఇవ్వు. ఆ వేళల్లో ఫోన్ నీది. తమ్ముడి టీచర్‌కు అమ్మ చేతనే ఫోన్ చేయించి, వాడి కాల్‌ను అమ్మ ఇంటికి వచ్చాక, సాయంత్రానికి మార్చమని అడిగించు. ఒక్క పిల్లవాడి కాల్ వేళ మార్చడం టీచర్‌కు కష్టమే కాని, ఇంటి పరిస్థితి తెలిస్తే చాలామంది ఒప్పుకుంటారు. ఆ టీచర్‌గారు ఒప్పుకోకపోతే ఈ పేజీని చూపించమను, ఆ మాట నా మాటగా చెప్పమను.

నువ్వు చదువుకునేటప్పుడు వాడు పక్కన ఉంటే, నీ పాత నోటుబుక్కులో ఖాళీ పేజీ, ఒక క్రేయాన్ ఇవ్వు. వాడు గీసింది సాయంత్రం అమ్మకు చూపించుకుంటాడు. ఏడుపు వచ్చే రాత్రి అమ్మను లేపు. పొద్దున కుట్టుపనికి వెళ్లవలసిన మనిషి అని మొహమాటపడకు, నువ్వు ఇలా ఉన్నావని ఆమెకు ఇంకా తెలియదు.