చీకట్లో కయోటీ వేట: బాణానికి ఎంత దూరం?

ప్రశ్న: అమెరికాలో రాత్రిపూట కయోటీలను (తోడేలును పోలిన, దానికన్నా చిన్నవైన అడవి జంతువులను) తుపాకీకి బదులు క్రాస్‌బోతో (మీట నొక్కితే బాణం వదిలే విల్లుతో) వేటాడవచ్చునా? ఎంత దూరం నుంచి బాణం వేయాలి?

జవాబు: రాత్రివేటకు, క్రాస్‌బోకు, దీపం వాడకానికి అక్కడ ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క నిబంధన ఉంది కనుక, ఆ ఏటి నియమాలను ముందుగా ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ నుంచి తెలుసుకోండి.

దూరం విషయంలో మాత్రం గట్టిగానే చెబుతాను: 30 గజాలు, అంటే సుమారు 27 మీటర్లు, దాటవద్దు. బాణం సెకనుకు సుమారు 110 మీటర్లు పోతే, శబ్దం 340 మీటర్లు పోతుంది. అంటే 27 మీటర్ల దూరాన ఉన్న జంతువుకు బాణం చేరడానికి పావు సెకను పడుతుంది. నారి చప్పుడు అంతకు ఎంతో ముందే వినిపిస్తుంది. ఆ రెప్పపాటులో, చెవులు నిక్కించి నిలుచున్న కయోటీ ఒళ్లు కుదించుకొని పక్కకు తిరిగిందంటే, గుండెకు గురిపెట్టిన బాణం పొట్టలో దిగుతుంది. అలా గాయపడి పొదల్లో దూరిన ప్రాణి అనుభవించే యాతన తలచుకుంటేనే మనసు కలుక్కుమంటుంది.

జంతువుల అరుపులు వినిపించి పిలిచినా కయోటీ తరచు నేరుగా రాక, వాసన పట్టడానికి గాలివాలుకు చుట్టి వస్తుంది కాబట్టి, ఆ వైపు ఖాళీ జాగా కనిపించేలా కూర్చోవాలి. ఎర్రదీపంలో కళ్లు మెరిసినంత మాత్రాన మీట నొక్కకూడదు. పెంపుడు కుక్క కళ్లూ మెరుస్తాయి. ఉత్తర కరోలినా తూర్పు ప్రాంతంలోనైతే, కయోటీని పోలిన, అంతరించిపోతున్న ఎర్ర తోడేళ్లు కూడా తిరుగుతున్నాయి.